పండగ పూట కూర్చుని తినాలంటే

చింతలపూడిలో మా పుట్టింట్లో, సంక్రాంతి మూడు రోజుల్లో ఏ ఒక్క పూటా మా వదిన విస్తరి ముందు కూర్చోవడం పాతికేళ్లలో నేను చూడలేదు. తెల్లారకుండా లేస్తుంది, పప్పు కడుగుతుంది, రుబ్బుతుంది, వండుతుంది, అందరికీ వడ్డిస్తుంది. మూడున్నర దాటాక వంటింటి గట్టు దగ్గర నిలబడి, కూర గిన్నెలోనే ఇంత అన్నం కలుపుకుని నాలుగు ముద్దలు తింటుంది. 2022లో మా ఊరు పశ్చిమ గోదావరి నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది గానీ, వదిన మాత్రం పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు.

"రా వదినా, కూర్చో" అంటాను. మేమిద్దరం ఒకళ్లనొకళ్లు వదినా అనే పిలుచుకుంటాం.

"మీరు కానివ్వండి వదినా. ఈ వాసనకే నా కడుపు నిండిపోయింది" అంటుంది. ఆ మాట నిజం కాదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

ఈ పుస్తకంలో ఇంతవరకూ ఆఫీసు పని గురించి, అప్పుల గురించి, కాదని చెప్పడం గురించి మాట్లాడుకున్నాం. ఈసారి వంటింట్లోకి వెళ్దాం. వదిన కూర్చోకపోవడానికి కారణం ఆవిడ మంచితనమేనని చాలాకాలం నేనూ అనుకున్నాను. మంచితనం ఉంది, కాదనను. కానీ ఒక కనుమ నాడు ఏమీ తోచక, ఆవిడ వండినవన్నీ కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కనా అది ఎప్పుడు పొయ్యి దిగిందో వేశాను. అసలు సంగతి అప్పుడు తెలిసింది. కోడి పులుసు పదకొండుకే అయిపోయింది, దానితో గొడవ లేదు. గారెలు మాత్రం ఒంటిగంటకి, అందరూ కూర్చున్నాకే. కనుమ నాడు మినుము తినాలి కదా, అదీ వేడివేడిగా, వాయి తరవాత వాయి. పెరుగుపచ్చడికి తాలింపు అప్పుడే. అప్పడాలూ వడియాలూ అప్పుడే. నెయ్యి కాచడం కూడా అప్పుడే. పన్నెండు మంది విస్తళ్ల ముందు కూర్చున్న ఆ నిమిషానికి నాలుగు వంటలు ఒక్క మనిషి చేతుల కోసం ఎదురుచూస్తున్నాయి. అలాంటప్పుడు ఎంత బతిమాలితే మాత్రం ఆవిడ ఎలా కూర్చుంటుంది?

వీటికి నేను ఆగని వంటలని పేరు పెట్టుకున్నాను. పండగ వంటల్లో ఇవి ఉండాల్సిందే. గారె చల్లారితే గారె కాదు. అయితే వాటి మధ్య ఒక్కటైనా ఆగే వంట ఉండాలి. సగంలో వదిలేసినా చెడకూడదు, రాత్రంతా ఒక మూల పడున్నా రుచి తగ్గకూడదు, చివరి పని వంట రానివాళ్లకి కూడా అప్పగించగలగాలి. పెరుగుపచ్చడీ వడియాలూ మానేసి ఆ చోట్లో దీన్ని పెట్టండి. ఉన్నవాటికి తోడుగా పెడితే మాత్రం ఇంకో బరువు పెరిగినట్టే. ఈ తేడా చాలామంది పట్టించుకోరు.

మా ఇంట్లో ఆ చోటు చిలగడదుంపకి దక్కింది. సన్నసెగ మీద నిదానంగా కాల్చి, బెల్లం చింతపండు పాకం పూసి, మళ్లీ కాసేపు సెగ చూపించిన దుంప.

దారి చూపించింది మా మేనకోడలు. డాలస్ నుంచి సంక్రాంతికి వచ్చింది. అక్కడ నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్. టర్కీ కోడి పక్కన ఈ దుంపలు తప్పనిసరి. వెన్నా, బ్రౌన్ షుగరూ వేసి ఓవెన్లో కాలుస్తారు, పైన మార్ష్‌మాలోలు పరుస్తారు. అవి దూదిలా మెత్తగా ఉండే పంచదార బిళ్లలు. ఆ అలవాటు తాతముత్తాతలనాటిదేమీ కాదు. 1917లో ఒక మార్ష్‌మాలో కంపెనీ తన సరుకు అమ్ముకోవడానికి వేయించిన వంటల పుస్తకంతో వ్యాపించింది.

"అత్తా, అది కూరో స్వీటో నాకిప్పటికీ అర్థం కాదు. మాంసం పక్కన వడ్డిస్తారు" అంది పిల్ల.

"దప్పళంలో గుమ్మడికాయ తియ్యగా ఉండదేంటే?" అంది వదిన పొయ్యి దగ్గర్నుంచే.

ఆ ఒక్క ముక్కతో వంట సగం మన ఊరిదైపోయింది. బ్రౌన్ షుగర్ పోయి బెల్లం వచ్చింది, మార్ష్‌మాలో పోయి చింతపండు వచ్చింది. ఊరి పేరులోనే చింత పెట్టుకున్నవాళ్లం, ఆ మాత్రం పులుపు లేకపోతే ఎలా?

అయినా దుంప కాల్చడం మనకి అమెరికా నేర్పాలా? చిన్నప్పుడు మా పెరట్లో తంపటి వేసేవారు. పాత కుండలో అడుగున చిన్న దుంపలు, పైన పెద్దవి, సందుల్లో తేగలు. మూతికి గడ్డి కుక్కి, కుండని నేల మీద బోర్లించి, చుట్టూ పిడకలూ ఎండుతాటాకులూ పేర్చి సాయంత్రం నిప్పు పెట్టేవారు. మంట అరగంటలో అయిపోయేది. కుండ మాత్రం చాలాసేపు అలాగే బూడిదలో కూర్చునేది. తీశాక చూస్తే దుంప తొక్క లోపలి కండ నుంచి విడిపోయి వదులుగా ముడతలు పడి ఉండేది. కొసల దగ్గర నల్లటి జిగురు కారి గట్టిపడేది. అది వేలికి అంటుకుంటే నాకకుండా ఉండలేం. బెల్లం వేసింది ఎవరూ కాదు, దుంపే తన పాకం తాను కట్టుకుంది.

ఎలా కట్టుకుందో తెలిస్తే ఈ వంటలో తప్పు జరగదు. చిలగడదుంపలో పిండిపదార్థం ఉంటుంది, దాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైమూ ఉంటుంది. దుంప లోపల వేడి సుమారు 60 నుంచి 75 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నంతసేపూ ఆ ఎంజైము పని చేస్తూ, పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. 80 దాటితే చచ్చిపోతుంది. కాబట్టి ఆ మధ్య మెట్టులో దుంప ఎంత ఎక్కువసేపు నిలబడితే అంత తీపి. తంపటి కుండ సరిగ్గా ఆ పనే చేసేది. మైక్రోవేవ్ ఎనిమిది నిమిషాల్లో ఆ మెట్టు దాటించేస్తుంది. దుంప మెత్తబడుతుంది, తియ్యబడదు. కుక్కర్‌లో మూడు విజిల్స్ కూడా అంతే.

కుక్కర్ సంగతి నాకు పడ్డ దెబ్బల్లో ఒకటి. మొదటిసారి ఏలూరులో మా ఇంట్లో చేసినప్పుడు మూడు విజిల్స్ రానిచ్చాను. ముక్కలు నీళ్లు పట్టి చేతిలో నలిగిపోయాయి. సరే, పాకంతో కప్పేద్దామనుకున్నాను. సంక్రాంతి ముందు రోజులవి. వారం నుంచి అరిసెల పాకం పట్టీ పట్టీ చెయ్యి దానికే అలవాటు పడింది. నాకు తెలియకుండానే ఉండపాకం దాకా తీసుకెళ్లాను. పూసినప్పుడు బాగానే మెరిసింది. విస్తట్లోకి వచ్చేసరికి లోపల గుజ్జు, పైన వేరుశెనగ అచ్చులాంటి పెంకు. మా బావగారి కట్టుడు పన్ను ఆ రోజు బయటికి వచ్చింది. ఆయన పెద్దమనిషి, నవ్వేసి జేబులో వేసుకున్నారు.

ఇక కొనడం దగ్గర్నుంచి మొదలుపెడదాం. చింతలపూడి బజార్లో చిలగడదుంప అనే అడగండి. మనకి తెలంగాణ సరిహద్దు దగ్గరే. లోపలికి వెళ్లేకొద్దీ దాని పేరు మోరంగడ్డ, కందగడ్డ, శివరాత్రి వస్తే రత్నపురి గడ్డ. రాయలసీమలో గెనుసుగడ్డ. మా ఊళ్లో ఎవరైనా కందగడ్డ కావాలంటే దురద కంద చేతిలో పెడతారు. అమెరికాలోనూ ఇదే తంటా. ఈ దుంపనే వాళ్లు యామ్ అని కూడా అమ్ముతారు, నిజానికి యామ్ అంటే మన పెండలం. బంధుత్వం చూస్తే చిలగడదుంపకి వీటిలో ఏదీ చుట్టం కాదు. దాని అసలు చుట్టం మన కొల్లేట్లో నీళ్ల మీద తేలే తూటికూర. పువ్వు పక్కపక్కన పెట్టి చూడండి, అదే గరాటు ఆకారం.

పిడికిలంత దుంపలు, ఒక్కోటి 150 నుంచి 200 గ్రాములు, అన్నీ ఒకే సైజువి ఏరుకోండి. సన్నగా పొడుగ్గా ఉన్నవి కొసలు మాడిపోతాయి, లావువి నడుమ పచ్చిగా ఉండిపోతాయి. తొక్క మీద సన్న చిల్లులు కనిపిస్తే ముక్కుపురుగు పట్టినట్టు. ఆ దుంపని ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. పుచ్చిన మేరకి కోసేసి మిగతాది వాడుకుందామనీ అనుకోవద్దు. ఆ చేదు దుంపంతా పాకి ఉంటుంది, ఎంత ఉడికించినా పోదు, ఒంటికీ మంచిది కాదు.

పండగకి పది రోజుల ముందే కొనండి. అప్పుడే తవ్విన దుంప చప్పగా ఉంటుంది. నీడలో, గాలి తగిలే చోట ఉంటే రోజులు గడిచేకొద్దీ తీపి తిరుగుతుంది. తాడేపల్లిగూడెంలో మా అక్క మార్కెట్టు నుంచి తెచ్చిన ఉల్లిపాయలు పరిచే అటక మీదే వీటినీ పరుస్తుంది. కడగొద్దు, మట్టితోనే ఉంచండి. ఫ్రిజ్‌లో అసలు పెట్టొద్దు. పచ్చి దుంప 12, 13 డిగ్రీలకన్నా చల్లటి చోట ఉంటే నడుమ గట్టిపడిపోయి, ఆ తరవాత ఎంతసేపు కాల్చినా ఆ ముద్ద మెత్తబడదు.

ఇంకొక మాట. పుస్తకాల్లో, వీడియోల్లో కనిపించే విదేశీ వంటలన్నీ లోపల నారింజ రంగుండే దుంపకి రాసినవి. దానిలో తడి ఎక్కువ. ఎ విటమిన్‌గా మారే బీటా కెరోటిన్ కూడా ఎక్కువే. ఆ రకాన్ని ఆఫ్రికాలో పిల్లలకి అందించినవాళ్లకి 2016లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. మనదేశంలోనూ తిరువనంతపురం కేంద్రంగా ఉన్న దుంప పంటల పరిశోధన సంస్థ భూ సోనా అనే నారింజ రకం తెచ్చింది. మీకు దొరికితే తప్పకుండా వండండి. మన బజార్లో మామూలుగా దొరికేది ఎర్ర తొక్క, లోపల తెలుపు. పిండిగా, పొడిగా ఉంటుంది. అందుకే వాళ్ల కొలతలు మనకి కుదరవు. పాకం కొంచెం పల్చగా, కొంచెం ఎక్కువగా ఉండాలి.

కిలో దుంపలు ఎనిమిది మందికి పక్క వంటగా సరిపోతాయి. సంక్రాంతి నాటి సాయంత్రం, పొయ్యి ఖాళీగా ఉన్నప్పుడు కాల్చేయండి. ఓటీజీ ఉంటే దుంపలు కడిగి, తుడిచి, తొక్కతోనే, పుల్లతో రెండుమూడు చోట్ల గుచ్చి, చల్లగా ఉన్న ఓటీజీలోనే పెట్టి 150కి తిప్పండి. ముందే వేడి చేయొద్దు, నిదానంగా వేడెక్కడమే మనకి కావాలి. గంట, గంటంపావు. పుల్ల గుచ్చితే అడ్డం తగలకుండా దిగాలి.

ఓటీజీ లేకపోతే బెంగ వద్దు. అటక మీద పడేసిన పాత మందపాటి గిన్నె దించండి. అడుగున రెండు వేళ్ల మందాన కడిగి ఎండబెట్టిన ఇసుక పోయండి. మా ఇంట్లో తమ్మిలేరు ఇసుక. ఇసుకలో దుంపలు సగం మునిగేలా పెట్టి, మూత బోర్లించి, మూత మీద బరువు పెట్టి, సన్న సెగ మీద గంటసేపు వదిలేయండి. మధ్యలో ఒకసారి తిరగేస్తే చాలు. నాన్‌స్టిక్ గిన్నెలో ఈ పని చేయొద్దు. భోగిమంట బూడిదలో పాతేద్దామని మగపిల్లలు సరదాపడతారు. వట్టి కట్టెల మంటైతే సరే. ఈ రోజుల్లో రంగులేసిన తలుపులూ ప్లాస్టిక్ కుర్చీలూ కూడా అందులోకే వెళ్తున్నాయి, అలాంటి నిప్పుల్లో తిండి కాల్చకండి.

కాలిన దుంపలు తొక్క తీయకుండానే రాత్రికి మూతపెట్టి పక్కన పెట్టేయండి. పని అక్కడ ఆగుతుంది, మీరు వెళ్లి పడుకోవచ్చు.

పాకం మూడు రోజుల ముందే చేసి సీసాలో పోసుకోవచ్చు. వంద గ్రాముల బెల్లం చితక్కొట్టండి. మరీ తెల్లగా, పచ్చగా మెరిసేది కాకుండా ముదురు రంగుది తీసుకోండి. ఆ మెరుపు చాలాసార్లు మందు కలిపితే వచ్చేదే. సగం టీ గ్లాసు నీళ్లలో కరగబెట్టి వడకట్టండి. వడకట్టడం మానేశారో, పంటి కింద ఇసుక. మళ్లీ పొయ్యి మీద పెట్టి, ఉసిరికాయంత చింతపండు నానబెట్టి తీసిన చిక్కటి గుజ్జు కలపండి. చింతపండు పులుపు కోసమే కాదు, పాకం చల్లారాక మళ్లీ పలుకులు కట్టకుండా ఆపుతుంది.

ఇక్కడ మాత్రం కదలకండి. మొదట పెద్ద బుడగలు వస్తాయి, పైన నురగ తేలుతుంది. నాలుగైదు నిమిషాలకి బుడగలు చిన్నవై, దగ్గరదగ్గరగా, బద్ధకంగా పగులుతుంటాయి. చప్పుడు మారుతుంది. సాసర్లో ఒక చుక్క వేసి వంచండి. నీళ్లలా జారిపోతే ఇంకా కావాలి. ముద్దలా నిలబడితే దాటిపోయింది, రెండు చెంచాల వేడినీళ్లు పోసి వెనక్కి తెచ్చుకోండి. మెల్లగా, తోక లాగుతూ పాకితే సరిగ్గా ఉన్నట్టు. వేళ్ల మధ్య తీసి చూస్తే సన్న తీగ సాగి వెంటనే తెగుతుంది. లేత తీగపాకం. దించేసి రెండు చెంచాల నెయ్యి, ముప్పావు చెంచా ఉప్పు, నాలుగు ఎండుమిర్చి కచ్చాపచ్చాగా దంచినవి, చిటికెడు శొంఠి కలపండి. ఉప్పు తగ్గించాలనిపిస్తుంది, తగ్గించకండి. ఉప్పూ కారం లేకపోతే అది కోడి పులుసు పక్కన నిలబడదు, బూరె పక్కన కూర్చుంటుంది. చల్లారాక పాకం ఇంకాస్త చిక్కబడుతుంది, కంగారుపడొద్దు.

షుగర్ ఉన్నవాళ్ల కోసం రెండు దుంపలు విడిగా నీళ్లలో ఉడికించి, పాకం లేకుండా ఇవ్వండి. నిదానంగా కాల్చినదానికన్నా ఉడికించినది రక్తంలో చక్కెరని నెమ్మదిగా పెంచుతుంది. అయినా రెండు ముక్కలతో ఆపమనండి.

మిగిలింది కనుమ నాటి ఇరవై నిమిషాల పని. దీన్ని మీరు చేయకండి. ఈ అధ్యాయం రాసిందే ఆ మాట కోసం.

మా ఇంట్లో ఆ పని అన్నయ్యకి ఇచ్చాం. అరవై దాటిన మనిషి, గ్యాస్ పొయ్యి లైటర్ ఏ సొరుగులో ఉంటుందో తెలియని మనిషి. "దుంపలు కాస్త చూడండి" అంటే ఆయన నిజంగానే చూస్తూ నిలబడతాడని మాకు తెలుసు. అందుకే కాగితం మీద రాసి ఓటీజీ తలుపుకి అంటించాను. తొక్క తీయాలి. అంగుళం మందాన చక్రాలు కోయాలి. ట్రేలో ఒకదాని మీద ఒకటి పడకుండా పరవాలి. కుంచెతో పాకం పూయాలి. 200లో పది నిమిషాలు. తీసి, తిరగేసి, మళ్లీ పూసి ఇంకో పది. అంచులు ముదురు గోధుమరంగులోకి వచ్చి పాకం బుడగలు కడితే తీసేయాలి. ఆఖరి ఐదు నిమిషాలు అక్కడే నిలబడాలి, ఫోన్ ఎత్తకూడదు. ఓటీజీ లేనివాళ్లు దోసె పెనం మీద నెయ్యి రాసి, ఇదే పని సన్న సెగ మీద చేయొచ్చు.

అప్పగించాక ఒప్పుకోవాల్సినవి కొన్ని ఉంటాయి. ముక్కలు మీరు కోసినట్టు రావు. గట్టు అంతా పాకం అవుతుంది. రెండు ముక్కలు నోట్లోకి పోతాయి. పక్కన నిలబడి "అలా కాదు, ఇలా ఇవ్వండి" అని కత్తి లాక్కున్నారంటే, వచ్చే ఏడాది ఆ మనిషి వంటింటి వైపు రాడు. తప్పు అతనిది కాదు. ఇది మా వదినకి పాకం పట్టడం కన్నా కష్టమైంది. మొదటి ఏడాది మూడుసార్లు లేచింది. మూడుసార్లూ మా మేనకోడలు వీడియో కాల్‌లోంచి "అమ్మా, కూర్చో" అని అరిచింది. ఆ ఏడు చక్రాలు కొన్ని అరంగుళం, కొన్ని రెండంగుళాలు వచ్చాయి. అన్నీ తినేశారు.

పోయిన కనుమకి గారెల ఆఖరి వాయి దింపి, పొయ్యి కట్టేసి, వదిన చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన పీట వాల్చుకుంది. ఒంటిగంటా నలభై. అన్నయ్య పంచె పైకి కట్టి, తలుపుకి రంగేస్తున్నంత శ్రద్ధగా ఒక్కో ముక్కకీ పాకం పూస్తున్నాడు. ఇంటినిండా బెల్లం కాలుతున్న వాసన.

"అంచు మాడుతోంది, తిరగెయ్యండి" అంది వదిన, తల తిప్పకుండానే.

"ఏ అంచు?"

"వాసన చూడండి, తెలుస్తుంది" అంటూ గారె తుంచి కోడి పులుసులో ముంచింది.